కొలిచాకే కోత: పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ విప్పే పద్ధతి

పాత స్పోర్ట్స్ కారు కొన్న ప్రతి ఒక్కరూ మెకానిక్‌ను అడిగే మొదటి ప్రశ్న, "ఇంజిన్ విప్పి మళ్లీ కట్టడానికి ఎంతవుతుంది?" అని. ఇంజిన్ మొత్తం విప్పి ప్రతి భాగాన్నీ కొలిచిన మనిషి తప్ప ఇంకెవరూ దీనికి నిజాయితీగా జవాబు చెప్పలేరు. అంతకు ముందు చెప్పే అంకె ఏదైనా ఊహే. అందుకే ఈ పూట ఆ విప్పడం గురించీ, కొలవడం గురించీ మాట్లాడుకుందాం. కొత్త సామాను బిగించే ఘట్టం తర్వాత వస్తుంది. ఇంజిన్ ఇంకెన్నాళ్లు బతుకుతుందో తేలేది మాత్రం దానికి ముందు జరిగే ఈ పనిలోనే.

మాట గాల్లో తేలిపోకుండా ఒక ఇంజిన్‌ను ఎదురుగా పెట్టుకుందాం. కారు పేరు ఎంజీబీ. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరున్న అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైంది. ఐదు లక్షలకు పైగా బయటికొచ్చాయి కాబట్టి ఈ రోజుకీ ఎన్నో దేశాల్లో ఔత్సాహికుల షెడ్లలో కనిపిస్తుంది. ఇంజిన్ 1798 సీసీ, నాలుగు సిలిండర్లు. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. జంట ఎస్‌యూ కార్బురేటర్లతో 95 హార్స్‌పవర్ ఇచ్చేది.

ఈ ఇంజిన్ మనకు చుట్టమే. ఇది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ కుటుంబానికి చెందింది. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజిన్ మన అంబాసిడర్ బానెట్ కింద దశాబ్దాల పాటు పనిచేసింది. రెండింటిలోనూ పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం ఒక్కటే, 88.9 మిల్లీమీటర్లు. తేడా బోరు వెడల్పులో ఉంది. అంబాసిడర్‌ది దాదాపు 73 మిల్లీమీటర్లు, ఎంజీబీది 80.26. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజిన్లు దించి, బోరింగ్ చేయించి, మళ్లీ ఎక్కించిన మేస్త్రీ ముందు ఈ ఇంజిన్ పెడితే, ఏ నట్టు ఎక్కడుంటుందో ఆయన చేతికి చాలావరకు తెలిసే ఉంటుంది.

మొదటి మాట. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే విప్పడానికి ముందు వినండి. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడి, వేడెక్కాక తగ్గిపోయే చప్పుడైతే పిస్టన్ బోరులో వదులుగా ఆడుతున్నట్టు. యాక్సిలరేటర్ వదిలి పట్టినప్పుడు గట్టిగా ఠక్కుమంటుంటే బిగ్ ఎండ్ బేరింగ్‌ను అనుమానించాలి. బరువు లాగేటప్పుడు లోతుగా, గంభీరంగా గుడగుడమంటే మెయిన్ బేరింగులు. పైన కుట్టుమిషన్‌లా సన్నగా వచ్చే చప్పుడు టాపెట్లదీ రాకర్లదీ. ఆయిల్ ప్రెషర్ కూడా రాసుకోండి. వేడెక్కిన ఎంజీబీ ఇంజిన్ రోడ్డు మీద నడిచేటప్పుడు 50 నుంచి 80 పౌండ్లు, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 పౌండ్లు చూపించాలి.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్టార్టర్‌తో తిప్పుతూ ఒక్కో సిలిండర్ ప్రెషర్ రాసుకోవాలి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. ఒకటి బాగా తక్కువుంటే అందులో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ప్రెషర్ పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ ఒకేసారి పడిపోయి ఉంటే, వాటి మధ్య హెడ్ గాస్కెట్ తెగిందనుకోవచ్చు. కంప్రెసర్ గాలి ఎక్కించి చూసే సదుపాయం ఉంటే ఇంకా మంచిది. గాలి కార్బురేటర్‌లోంచి బుసకొడితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్టయినా పోయి ఉండాలి, ఎక్కడో పగులైనా ఉండాలి.

విప్పే ముందు ఇంజిన్ నంబరు కూడా చూసుకోండి. అది బ్లాకు కుడి పక్కన రివిట్ కొట్టిన పలక మీద ఉంటుంది. అది 18జీ, 18జీఏ అని మొదలైతే క్రాంక్‌ను మూడు మెయిన్ బేరింగులు మోసే తొలి ఇంజిన్. 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి ఐదు బేరింగులు. తర్వాతి కాలంలోనివి 18వీ. సామాను ఆర్డరు పెట్టడానికీ, కొలతల పుస్తకంలో సరైన పేజీ తెరవడానికీ ఈ నంబరే ఆధారం. పానాల విషయమూ చెప్పాలి. ఈ కారు నట్లు చాలావరకు అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ల పానా పట్టించారో, అంచులు గుండ్రంగా అరిగి నట్టు అక్కడే మొండికేస్తుంది.

ఇక విప్పుదాం. ఇక్కడ నేను గట్టిగా నమ్మే నియమం ఒకటి చెబుతాను. చూడకముందు లోపలి భాగాలను కడగకండి. బయటి మట్టి, గ్రీజు తుడవచ్చు. అదీ ఆయిల్ ఎక్కడ కారుతోందో, నీటి మరక ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాకే. లోపలి మసి, బురద, రంగు మారిన చోట్లు ఆ ఇంజిన్ ఇన్నాళ్లు ఎలా నడిచిందో చెప్పే సాక్ష్యాలు. కిరోసిన్‌తో కడిగేస్తే అవి మళ్లీ దొరకవు. ఆయిల్‌ను శుభ్రమైన ట్రేలోకి దించండి. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిశాయి. వెలుతురులో రాగి రంగు తళుకు కనిపిస్తే బేరింగులు అరిగాయి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే ఇనుప భాగమేదో అరుగుతోంది. పాత ఆయిల్ ఫిల్టరును కూడా కోసి, లోపలి కాగితాన్ని పరిచి చూడండి.

ఏ భాగం ఎక్కడిదో అక్కడి పేరు రాసిపెట్టండి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎనిమిది పుష్ రాడ్లనూ అట్టముక్కకు చిల్లులు పెట్టి వరసలో గుచ్చండి. టాపెట్లూ వాల్వులూ కూడా వరస తప్పకూడదు. ఇన్నేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని కుదురుకున్న భాగాలవి. జత మారితే కొత్త అరుగుదల మొదలవుతుంది. మెయిన్ బేరింగ్ మూతల విషయంలో పొరపాటుకు అసలు తావే లేదు. వాటిని బ్లాకుకు బిగించి ఒకేసారి తొలిచారు కాబట్టి ఏ మూత ఆ చోటే కూర్చోవాలి, అదే దిక్కులో కూర్చోవాలి.

హెడ్ తీసేటప్పుడు ఈ ఇంజిన్‌లో ఒక మెలిక ఉంది. రాకర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్లలో నాలుగు, హెడ్‌ను పట్టి ఉంచే నట్లు కూడా. అందుకే రాకర్లు ఒక్కటే తీయాలనుకున్నా హెడ్ నట్లన్నీ వరస ప్రకారం కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఆ నాలుగే విప్పితే ఒక పక్క బిగువు పోయి హెడ్ వంగే ప్రమాదముంది. అలా కదిపితే గాస్కెట్ పట్టు కూడా పోవచ్చు కాబట్టి ముందే నీళ్లు దించేయాలి.

హెడ్ చేతికొచ్చాక దాని దహన గదులు చూడండి. ఇంజినీర్ హ్యారీ వెస్లేక్ రూపమిచ్చిన హృదయాకారపు గదులవి. నాలుగింటి రంగూ పోల్చండి. లేత గోధుమ రంగో బూడిద రంగో మంచి దహనానికి గుర్తు. తడి నల్లదనం ఆయిల్ లోపలికి వస్తోందని చెబుతుంది. ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా మెరుస్తుంటే అందులోకి నీళ్లు చేరుతున్నాయి. ఈ హెడ్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది నడిమి భాగం. రెండో సిలిండర్, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి పొగా ఒకే దారిలో పోతుంది. ఆ చోటు మిగతా హెడ్ కంటే ఎక్కువ కాగుతుంది కాబట్టి పగుళ్లు వచ్చేది ఎక్కువగా అక్కడే. కంటికి కనిపించని పగులును మెషిన్ షాపులో అయస్కాంతం, ఇనుప పొడి పద్ధతితో పట్టుకుంటారు. ప్రెషర్ పరీక్షా చేయించాలి. ఈ రెండు పరీక్షలూ పూర్తి కాకుండా హెడ్ మీద ఇంకే ఖర్చూ పెట్టొద్దు. పగిలిన హెడ్‌కు కొత్త వాల్వులు వేయించడం డబ్బు పారబోయడమే.

వాల్వు సీట్లలో మన కాలం సమస్య ఒకటుంది. ఈ ఇంజిన్ రూపుదిద్దుకున్న రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. వాల్వుకూ సీటుకూ మధ్య ఆ సీసమే సన్నటి రక్షణ పొర. మన దేశంలో 2000 సంవత్సరం మొదట్లోనే సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. బ్రిటన్‌లో 1999 చివరితో మామూలు బంకుల్లో అమ్మకం నిలిచింది. అప్పటి నుంచి గట్టిపరచని ఇనుప సీట్లలో, వేగంగా నడిపితే ఎగ్జాస్ట్ వాల్వులు మెల్లగా కుంగిపోతున్నాయి. సీటు కుంగి ఉంటే గట్టి సీటు రింగులు వేయించుకోవడానికి ఇదే అదను. వాల్వును గైడులో కొంచెం పైకెత్తి అటూ ఇటూ కదిపి చూడండి. స్పష్టంగా ఊగితే గైడు అరిగింది. స్టార్ట్ చేయగానే వచ్చే నీలం పొగకు చాలాసార్లు ఇదే కారణం. రాకర్ షాఫ్ట్‌ను తిప్పి అడుగు వైపు గోరుతో తడమండి. బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి మెట్టు తగిలితే మార్చాల్సిందే.

ఇప్పుడు బ్లాకు. బోరు పై అంచు కింద ఒక మెట్టు గోటికి తగులుతుంది. పై రింగు అంతకు మించి పైకి వెళ్లదు కాబట్టి ఆ మెట్టు పైన ఉన్నది అరగని ఇనుము, కింద ఉన్నది అరిగిన ఇనుము. ఎక్కువ అరుగుదల ఆ మెట్టు కిందే ఎందుకు? పేలుడు ఒత్తిడి రింగును గోడకు అదిమేది అక్కడే. పైగా పిస్టన్ ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగే చోటు కాబట్టి ఆయిల్ పొర నిలవదు. పిస్టన్లు పైకి తోసేముందు ఆ మెట్టు మీది మసినైనా గీకి తీయాలి. లేకపోతే రింగులూ, వాటి గాళ్ల మధ్య గట్లూ విరుగుతాయి.

ఇక్కడి నుంచి పని థౌలలో సాగుతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు మూడు థౌలు ఉంటుంది. అంత చిన్న తేడాల మీద ఇంజిన్ బతుకు ఆధారపడుతుంది కాబట్టి కంటి చూపు, వేలి స్పర్శ ఇక చాలవు. బోర్ గేజ్ ఉంటే ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవండి. గేజ్ లేనివాళ్లకు మంచి ఉపాయముంది. ఒక పిస్టన్ రింగును బోరు అడుగున, అరగని చోట, సమంగా కూర్చోబెట్టి దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. అదే రింగును పైన అరిగిన చోట పెట్టి మళ్లీ కొలవండి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసంలో వచ్చిన అరుగుదల తెలుస్తుంది. కింద 15 థౌలు, పైన 40 థౌలు వస్తే తేడా 25. అంటే బోరు సుమారు 8 థౌలు అరిగింది. ఆ బోరులో కొత్త రింగులు వేస్తే, పైన వదులుగా, కింద బిగువుగా, ప్రతి చుట్టులోనూ తెరుచుకుని మూసుకుంటూ కొన్నాళ్లకే అలసిపోతాయి. బోరింగ్ తప్పదు. అరుగుదల రెండు మూడు థౌలే అయితే హోనింగ్ చేసి కొత్త రింగులతో సరిపెట్టవచ్చు.

పిస్టన్ నెత్తిని శుభ్రం చేసి చూడండి. అంతకు ముందే బోరింగ్ జరిగి ఉంటే 20, 30, 40 వంటి అంకె అక్కడ అచ్చు వేసి ఉంటుంది. పిస్టన్ పక్కల మీది గీతలు కూడా చదవాలి. ఒక వైపు పైన, ఎదుటి వైపు కింద అరిగి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగింది. రాడ్డును సరిచేయకుండా ఎంత మంచి పిస్టన్ వేసినా అదే దారిలో అరుగుతుంది.

క్రాంక్ తీయకముందు చేయాల్సిన కొలత ఒకటుంది. డయల్ గేజ్ పెట్టి, క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ కదిపి ఎంత జరుగుతోందో చూడండి. ఐదు బేరింగుల ఇంజిన్‌లో నాలుగైదు థౌలు ఉండాలి. ఆ జరుగుదలను నడిమి మెయిన్ బేరింగ్ పక్కనుండే థ్రస్ట్ వాషర్లు అదుపులో పెడతాయి. క్లచ్ పెడల్ మీద కాలు పెట్టి నడిపే అలవాటున్న డ్రైవర్ చేతిలో ఇవి త్వరగా అరుగుతాయి. అవి పూర్తిగా అరిగిపోతే క్రాంక్ బ్లాకునే తినడం మొదలుపెడుతుంది.

బేరింగ్ గిన్నెలు తీసి వరసలో పరవండి. బూడిద రంగు సమంగా ఉంటే మామూలు అరుగుదల. అడుగు పొర రాగి రంగు బయటపడితే వాటి కాలం తీరింది. గిన్నెలో నల్లటి నలుసులు గుచ్చుకుని ఉంటే ఆయిల్ మార్చక మురికి తిరిగింది. ఒక అంచునే అరిగితే మళ్లీ వంగిన రాడ్డే. గిన్నె వీపు మీద ఎస్‌టీడీ (అసలు సైజు) అనో, 10 అనో, 20 అనో ఉంటుంది. క్రాంక్ ఇంతకు ముందు గ్రైండింగ్‌కు వెళ్లిందో లేదో అది చెబుతుంది. గిన్నెలు ఎలాగూ కొత్తవి వేస్తాం. క్రాంక్ జర్నళ్లను మాత్రం మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల్లో, రెండు చివరల్లో కొలవాలి. గుండ్రంగా ఉండి, గోరు గీతను పట్టుకోకపోతే పాలిష్ చాలు. ఒక థౌ దాటి కోడిగుడ్డు ఆకారం వచ్చిందంటే గ్రైండింగ్‌కు పంపాలి.

క్యామ్‌షాఫ్ట్ బయటికి లాగేముందు డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ తీయాలి, పక్క మూతలు విప్పి టాపెట్లు బయటికి తీయాలి. టాపెట్ ముఖం మీద చిన్న గుంటలు పడితే, దాన్ని తాకిన క్యామ్ కూడా అరిగినట్టే. కొత్త క్యామ్‌కు పాత టాపెట్లు ఎప్పుడూ వేయకండి. ఆయిల్ పంపును కూడా విప్పి కొలవండి. లోపలి రోటర్ మొనకూ బయటి రోటర్‌కూ మధ్య 6 థౌలు, బయటి రోటర్‌కూ గూటికీ మధ్య 10 థౌలు, రోటర్ల పైన సందు 5 థౌలు దాటితే పంపు మార్చాలి. ఇంజిన్‌కు రక్తం సరఫరా చేసే భాగం విషయంలో పొదుపు పనికిరాదు.

ఇప్పుడు కడగవచ్చు. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు పొడిచి తీస్తే, నీళ్ల గదిలో వెనుక వైపు, నాలుగో సిలిండర్ చుట్టూ తుప్పు బురద పేరుకుని కనిపిస్తుంది. ఆ సిలిండర్ ఎక్కువ వేడెక్కడానికి అదొక కారణం. ఆయిల్ దారుల బిరడాలు తీసి బ్రష్‌తో పొడిచి కడగాలి. లోపలి భాగాలకు ఇసుకతోగానీ గాజు పూసలతోగానీ బ్లాస్టింగ్ చేయించవద్దు. ఒక్క రేణువు ఆయిల్ దారిలో మిగిలినా కొత్త బేరింగ్‌ను కోసేస్తుంది.

కొలతలన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాక నిర్ణయం తీసుకోవాలి. భాగం పేరు, ఇప్పటి కొలత, పుస్తకం చెప్పిన కొలత, దాటకూడని హద్దు, ఏం చేయాలి. ఈ ఐదు గడులు చాలు. గాస్కెట్లు, సీళ్లు, రింగులు, బేరింగ్ గిన్నెలు, థ్రస్ట్ వాషర్లు, టైమింగ్ చైను ఎలాగూ కొత్తవే. మిగతా ప్రతిదానికీ ఆ కాగితమే తీర్పు చెప్పాలి.

ఈ మాట ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, కోసిన ఇనుము తిరిగి రాదు. ఈ బ్లాకుకు బోరింగ్ 10, 20, 30, 40 థౌల మెట్లలో జరుగుతుంది. ఇప్పుడు 60 థౌల పిస్టన్లు కూడా దొరుకుతున్నాయి. ఆ పైన స్లీవులే గతి. క్రాంక్‌కు కూడా అలాగే 40 థౌల వరకే దారి. 20తో తీరే పనికి 40 కోయించారంటే, మీ తర్వాత ఆ కారు నడపబోయే మనిషికి దక్కాల్సిన ఒక జీవితకాలాన్ని ఖర్చు చేసినట్టే. అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడి 4 దశాబ్దాలు దాటింది. అక్కడి నుంచి వచ్చిన ప్రతి బ్లాకులోనూ ఎన్ని థౌల ఇనుము మిగిలి ఉందన్నది దాని అసలు విలువ. అలాగే బాగున్న పాత భాగాన్ని "ఎలాగూ విప్పాం కదా" అని పారేయడమూ నష్టమే. నాసిరకం కొత్త సామాను కంటే కొలతకు నిలిచిన పాత రాడ్డు, పాత క్రాంక్ ఎంతో నమ్మదగినవి.

కాబట్టి మెషిన్ షాపుకు వెళ్లేటప్పుడు ఈ క్రమం పాటించండి. ముందు ప్రెషర్ పరీక్ష, పగుళ్ల పరీక్ష. తర్వాత మీ కొలతల కాగితం ఇచ్చి, వాళ్ల గేజ్‌తో మళ్లీ కొలిపించండి. రెండూ కలిస్తేనే సైజు నిర్ణయించండి. పిస్టన్లు కొని, చేతికి వచ్చాక, ఒక్కో పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు కోయించండి. పెట్టె మీది అంకె చూసి ఎప్పుడూ కోయించకండి. అంచనా ఖర్చు ఆ రోజు అడగండి, అప్పుడు వచ్చే జవాబును నమ్మవచ్చు. పని పూర్తయ్యాక ఆ కొలతల కాగితాన్ని కారు పత్రాలతో పాటు భద్రపరచండి. కారు అమ్మే రోజు వస్తే దాన్నీ కొనేవాళ్లకు ఇవ్వండి. తర్వాత ఆ ఇంజిన్ విప్పే మెకానిక్ ఊహతో మొదలుపెట్టే అవసరం ఉండదు.